సాల్మన్ వేటకు డౌన్‌రిగ్గర్, ఎరలు: ప్యూజెట్ సౌండ్‌లో మా పడవ మీద వాడుతున్నవి

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో మేం సాల్మన్ వేటకు వెళ్తాం. దగ్గర్లోని బాతెల్ ఊళ్లో మాకు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈమధ్య పడవలు కొన్నారు. కొన్న వారంలోపే ఫోన్ వస్తుంది. "వదినా, డౌన్‌రిగ్గర్ ఏది తీసుకోవాలి? ఎలక్ట్రిక్కా, చేత్తో తిప్పేదా? ఎరలు ఏ రంగువి కొనమంటారు?" మా ఆయన్ని కాదు, నన్నే అడుగుతారు. మా పడవలో స్టీరింగ్ ఆయనది, వెనక ఉన్న సామానంతా నాది. గుండు దించడం, క్లిప్పు పెట్టడం, రాత్రి కూర్చుని లీడర్లు, అంటే ఎరకు ముందుండే పొట్టి లైను ముక్కలు, కట్టుకోవడం నా పని. ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

డౌన్‌రిగ్గర్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. పడవ వెనక గాలం వేసి నడుపుతూ పోతే లైను నీటి పైపొరల్లోకి లేచిపోతుంది. సాల్మన్‌లో కోహో, పింక్ రకాలు పై నీళ్లలోనూ దొరుకుతాయి గానీ చినూక్ అనే పెద్ద రకం చాలాసార్లు అడుగుకు దగ్గరగా, 100 అడుగుల కింద తిరుగుతుంది. ఎర అక్కడికి చేరాలంటే బరువు కావాలి. డౌన్‌రిగ్గర్ ఆ బరువును వేరే తీగ మీద దించుతుంది. కప్పీ ఉన్న చెయ్యి ఒకటి పడవ అంచు దాటి బయటకు చాచి ఉంటుంది. దాని మీదుగా 10, 12 లేదా 15 పౌండ్ల సీసం గుండు కిందకు వెళ్తుంది. గాలం లైనును గుండు దగ్గర ఒక క్లిప్పుకు పట్టిస్తాం. చేప లాగగానే లైను క్లిప్పులోంచి ఊడి వస్తుంది, ఇక మనకూ చేపకూ మధ్య ఆ బరువు ఉండదు. ఎన్ని అడుగులు దించామో మీటరు చూపిస్తుంది కాబట్టి, ఒక చేప పడిన లోతుకే మళ్లీ దించవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సాల్మన్ పడేది మొదట లోతు వల్ల, తర్వాత వేగం వల్ల, ఆ తర్వాత లీడర్ పొడవు వల్ల. రంగు నాలుగోది. డబ్బు కూడా ఆ వరసలోనే ఖర్చు పెట్టాలి. కానీ షాపులోకి అడుగు పెడితే గోడ నిండా మెరిసే రంగులే. కొత్తవాళ్లు పెట్టె నిండా ఎరలు కొనేసి, గుండు దగ్గరా క్లిప్పు దగ్గరా పొదుపు చేస్తారు. ఆ వరస మార్చుకోమని నా విన్నపం.

మాది 17 అడుగుల అల్యూమినియం పడవ. పెద్ద మోటారుతో చోటు చేరుకుని, పక్కనున్న 9.9 హార్స్‌పవర్ చిన్న మోటారు (కిక్కర్)తో మెల్లగా నడుపుతాం. ఎవరెట్‌లో 10వ వీధి ర్యాంపు దగ్గర దించుతాం. ఎక్కువగా వెళ్లేది విడ్బీ దీవి దక్షిణ కొసన ఉన్న పొసెషన్ బార్‌కు. గాలి లేని రోజు జెఫర్సన్ హెడ్ దాకా పోతాం. నేను రాసేదంతా ఇలాంటి చిన్న పడవలో, ఇద్దరే మనుషులతో, ఈ నీళ్లలో వేటాడేవాళ్లకు. ఆరుగురు ఎక్కే చార్టర్ పడవ లెక్కలు వేరు.

మా పడవకు రెండు డౌన్‌రిగ్గర్లు ఉన్నాయి, రెండూ స్కాటీ కంపెనీవే. నీళ్లకు అవతల వాంకూవర్ దీవిలో, సిడ్నీ అనే ఊళ్లో తయారవుతాయి. ఎడమవైపుది చేత్తో తిప్పే స్ట్రాంగ్‌ఆర్మ్, చెయ్యి 30 అంగుళాలు. కుడివైపుది ఎలక్ట్రిక్ డెప్త్‌పవర్, పొడవు పెంచుకోగలిగే చెయ్యి ఉన్నది. మొదట రెండువైపులా చేత్తో తిప్పేవే ఉండేవి. ఒకటి తీసేసి ఎలక్ట్రిక్ పెట్టుకున్నాం. రెండోది కావాలనే అలాగే ఉంచాను.

స్ట్రాంగ్‌ఆర్మ్‌లో నాకు నచ్చేది దాని సాదాతనం. హ్యాండిల్ ముందుకు తిప్పితే గుండు పైకి వస్తుంది, కాస్త వెనక్కి తిప్పితే బ్రేకు వదులై కిందకు దిగుతుంది. ఎంత వేగంగా దిగాలో చేత్తోనే తెలుస్తుంది. కరెంటు లేదు, వైర్లు లేవు. ఆగస్టులో పింక్ కోసమో, సెప్టెంబరులో కోహో కోసమో 40, 60 అడుగుల్లో తిరిగేటప్పుడు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, అందులోనూ కోహో కోసమే వెళ్లేవాళ్లు, నిశ్చింతగా చేత్తో తిప్పేదే కొనుక్కోండి. ఒక ఎలక్ట్రిక్ ధరకు ఇవి రెండు వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది. ఆ మిగిలిన దానితో, నీటి లోతునూ అడుగునూ తెర మీద చూపించే మంచి సోనార్ కొనండి.

మరి ఎలక్ట్రిక్ ఎందుకు కొన్నానంటే, భుజం నొప్పి ఒక కారణం, కానీ అసలు కారణం అది కాదు. ఈ నీళ్లలో ఎండాకాలం జెల్లీ చేపలు ఎక్కువ. పోటు పెరిగే వేళ, ఆటు లాగే వేళ సముద్రపు గడ్డి తెగి తేలుతుంటుంది. ఒక్క గడ్డిపోచ హుక్కుకు చుట్టుకుంటే చాలు, ఆ ఎర అక్కడ ఉన్నా లేనట్టే. చిన్న సొరచేపలు ఎరగా పెట్టిన హెర్రింగ్ చేపను సగం కొరికేసి పోతాయి, పైన గాలం కడ్డీ కూడా కదలదు. అందుకే ఎరను తరచుగా పైకి తీసి చూసుకోవాలి. 140 అడుగుల నుంచి 12 పౌండ్ల గుండును చేత్తో తిప్పి తీయాలంటే ఎవరైనా "ఇంకో పది నిమిషాలు చూద్దాంలే" అనుకుంటారు. బటన్ నొక్కితే వచ్చేదైతే వెంటనే తీస్తారు. ఎలక్ట్రిక్ వల్ల సుఖం ఎలాగూ ఉంది, అసలు లాభం మాత్రం శుభ్రమైన ఎర ఎక్కువసేపు నీళ్లలో ఉండటం. నాకు తెలిసి దాని ధరకు ఇంతకన్నా గట్టి సమాధానం లేదు.

రెండో లాభం పొసెషన్ బార్ లాంటి చోట తెలుస్తుంది. అది నీటి అడుగున ఉన్న ఇసుక దిబ్బ. దాని అంచు వెంబడి పోతుంటే అడుగు ఒకచోట 80 అడుగులు, ఇంకాస్త ముందుకు వెళ్లేసరికి 130. చినూక్ అడుగును అంటిపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి గుండును కూడా దింపుతూ లేపుతూ ఉండాలి. మా ఆయన సోనార్ చూసి "పది అడుగులు లేపు" అంటే నేను బటన్ మీద వేలేసి లేపుతాను, ఇంకో చేత్తో కడ్డీ సర్దుతాను. మూడోది, చేప పడినప్పుడు. కడ్డీ నా చేతిలో ఉంటే, ఆయన స్టీరింగ్ వదలకుండానే రెండోవైపు గుండు పైకి తెప్పించాలి. లేకపోతే చేప ఆ తీగకు చుట్టుకుంటుంది. గుండు నీటి పైకి రాగానే దానంతటదే ఆగే ఏర్పాటు ఎలక్ట్రిక్‌లో ఉంటుంది. ఇద్దరే ఉన్న పడవలో అది పెద్ద ఊరట.

ఒక హెచ్చరిక. ఎలక్ట్రిక్ పెట్టుకుంటే వైరింగ్ చవగ్గా కానివ్వకండి. లావు వైరు, బ్యాటరీ దగ్గరే బ్రేకర్, వీలైతే మోటారు స్టార్ట్ చేసే బ్యాటరీ కాకుండా వేరే బ్యాటరీ. రోజంతా గుండు లేపీ లేపీ చివరికి మోటారు స్టార్ట్ కాకపోతే, ఫెర్రీలు తిరిగే దారిలో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

డౌన్‌రిగ్గర్ చెయ్యి పొడవు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. నేను అయిదడుగుల మనిషిని. 60 అంగుళాల చెయ్యి పూర్తిగా చాచి పెడితే లైన్లు దూరదూరంగా ఉంటాయి, చిక్కు పడవు, నిజమే. కానీ క్లిప్పు పెట్టాలంటే పడవ అంచు మీంచి బయటకు వంగాలి. అలల్లో అది ప్రమాదం. గుండును దగ్గరకు లాక్కునే సన్నతాడు, దానికో చిన్న రింగు అమ్ముతారు, చాలా చవక. పొడవు చెయ్యి కొంటే అది కూడా కొనాల్సిందే. లేదంటే పొట్టి చెయ్యే తీసుకోండి. 17 అడుగుల పడవకు 30 అంగుళాలు సరిపోతాయి. లైఫ్ జాకెట్ సంగతి చెప్పక్కర్లేదు. ఈ నీళ్లు ఆగస్టులో కూడా చల్లగానే ఉంటాయి.

కానన్ అనే ఇంకో కంపెనీ డౌన్‌రిగ్గర్ల గురించి కూడా అడుగుతారు. మా వారి స్నేహితుడి పడవ మీద కానన్ మాగ్నమ్ ఉంది, నేను వాడి చూశాను. దృఢమైన యంత్రం, మోటారుకు బలం బాగుంది. ఖరీదైన ఆప్టిమమ్ మోడల్‌ అయితే సోనార్‌తో జతకూడి అడుగు ఎత్తుపల్లాలను బట్టి గుండును తనే లేపుతూ దించుతూ ఉంటుంది. పొసెషన్ బార్ మీద అలాంటిది ఉంటే నా పని సగం తగ్గుతుంది. అయినా నేను స్కాటీ వైపే మొగ్గుతాను. ఈ చుట్టుపక్కల ఏ షాపుకెళ్లినా దాని కప్పీలు, బేసులు, చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. సీజన్ నడుస్తుండగా ఒక ముక్క విరిగితే పార్సిల్ కోసం ఆగక్కర్లేదు.

ఇప్పుడు తీగ. డౌన్‌రిగ్గర్‌లో సాధారణంగా 150 పౌండ్ల లాగుడు తట్టుకునే స్టీలు తీగ ఉంటుంది. చవక, గట్టిది. కానీ నీళ్లలో లాగుతుంటే సన్నగా మోగుతుంది, మడత పడితే అక్కడ బలహీనమవుతుంది, ఒక పోగు తెగి లేచిందంటే వేళ్లకు గుచ్చుకుంటుంది. మేం రెండింటికీ 200 పౌండ్ల అల్లిక లైను వేయించాం. మోత తగ్గింది, గుండు వెనక్కి తేలిపోవడం కూడా తగ్గింది. అయితే పదునైన అంచుకు ఒరుసుకుంటే అల్లిక లైను త్వరగా తెగుతుంది. కప్పీ అంచులు వేలితో తడిమి చూసుకోవాలి, మొదటి కొన్ని అడుగులు అప్పుడప్పుడు కత్తిరించి మళ్లీ ముడి వేసుకోవాలి. తీగ ఏదైనా సరే, గుండు అడుగున చిక్కుకుంటే చేతికి చుట్టి లాగకండి. బ్రేకు వదిలి, పడవను వెనక్కి తిప్పి, వచ్చిన దారిలోనే వెళ్లి విడిపించాలి. తీగ కోసే కత్తెర చేతికందేచోట ఉండాలి.

గుండు ఎంత బరువన్న దానికి నా జవాబు, మీ యంత్రం, మీ భుజం మోయగలిగినంత. చేత్తో తిప్పే దానికి 12 పౌండ్లు, ఎలక్ట్రిక్‌కు 15 వాడుతున్నాను. బరువు పెరిగేకొద్దీ తీగ నిలువుగా నిలబడుతుంది. గంటకు 3 మైళ్ల వేగంతో పోతూ 150 అడుగుల తీగ వదిలారంటే, గుండు వెనక్కి తేలి 150 కన్నా తక్కువ లోతులో ఉంటుంది. మీటరు చూపేది వదిలిన తీగ, అసలు లోతు కాదు. సోనార్‌లో గుండు ఒక గీతలా కనిపించేలా సర్దుకుంటే నిజమైన లోతు తెలుస్తుంది. మా రెండువైపులా బరువులు వేరు కాబట్టి, 12 పౌండ్ల వైపు కొంచెం ఎక్కువ తీగ వదులుతాను. గుండుకూ తీగకూ మధ్య రబ్బరు స్నబ్బర్ ఒకటి పెట్టండి, అలల కుదుపుకు తీగ తెగకుండా కాస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న గుండు కొనండి. ఏ గుండైనా అది సీసం. ముట్టుకున్న చేత్తో పులిహోర డబ్బా తెరవకండి, పిల్లలకు తినిపించకండి. సబ్బునీళ్ల సీసా మా పడవలో ఎప్పుడూ ఉంటుంది.

క్లిప్పు చిన్న వస్తువే, దాని మీద ఆధారపడేది మాత్రం చాలా ఉంది. గట్టిగా పట్టుకుంటే, చిన్న చేప పడి క్లిప్పు విడిపించలేక గంటసేపు గుండు వెనకే ఈడ్చుకుపోతుంది, మనకు తెలియదు కూడా. పాపం ఆ చేప వదిలేసినా బతకదు. వదులుగా ఉంటే ప్రతి అలకూ ఊడిపోతుంది. పేరూ ఊరూ లేని చవక క్లిప్పులు ఆన్‌లైన్‌లో గుత్తులుగా దొరుకుతాయి, వాటి స్ప్రింగు ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. నేను స్కాటీ పవర్ గ్రిప్ వాడతాను. లైనును రబ్బరు దిండ్ల మధ్య లోపలికి పెడితే పట్టు ఎక్కువ, అంచున పెడితే తక్కువ. కోహోకు, పింక్‌కు అంచున పెడతాను. లోతుగా చినూక్‌కు వెళ్లేటప్పుడు లోపలికి. గాలం లైను కూడా ఇక్కడ ముఖ్యం. అల్లిక లైను క్లిప్పులో జారిపోతుంది. 30 పౌండ్ల ఒంటిపోగు నైలాన్ లైను (మోనో) అయితే క్లిప్పు బాగా పట్టుకుంటుంది, కొంచెం సాగుతుంది కాబట్టి చేప తల విదిల్చినప్పుడు హుక్కు ఊడదు.

కడ్డీ పదిన్నర అడుగులది, వంపు మెత్తగా ఉన్నది, లైను లెక్క చూపే రీలు. ఈ రెండూ చాలు, ఇక్కడ ఖరీదైనవి అక్కర్లేదు. కడ్డీని బాగా వంచి హోల్డర్‌లో పెట్టాలి. క్లిప్పు ఊడినప్పుడు అది ఒక్కసారి నిటారుగా లేచి, మళ్లీ చేప బరువుకు వంగుతుంది. ఆ క్షణం చూడ్డానికే నేను తెల్లవారుజామున మూడింటికి లేస్తాను.

ఇక ఎరలు. మొదట ఫ్లాషర్. 11 అంగుళాల ప్లాస్టిక్ పలక ఇది. నీళ్లలో గుండ్రంగా తిరుగుతూ, మేత తింటున్న చేపలా మెరుస్తుంది. దాని వెనక లీడర్, లీడర్ చివర ఎర. హాట్ స్పాట్ బ్రాండు ఫ్లాషర్లు నాలుగు ఉంటే ఇక్కడ ఏ సీజనైనా గడిచిపోతుంది. ఆకుపచ్చ మెరుపు ఉన్నది ఒకటి, చీకట్లో వెలిగే పూత ఉన్నది ఒకటి, తెల్లది ఒకటి, మిగిలినది మీ ఇష్టం. ఫ్లాషర్ సరిగ్గా తిరుగుతోందా అన్నది కడ్డీ కొస చెబుతుంది. సమంగా కొట్టుకుంటుంటే బాగున్నట్టు. ఆగి ఆగి కొట్టుకుంటే వేగం తక్కువ, లేదా గడ్డి చుట్టుకుంది. దించే ముందు పడవ పక్కనే నీళ్లలో ఉంచి తిరగడం చూసుకుని, 15, 20 అడుగులు వెనక్కి వదిలి, అప్పుడు క్లిప్పు పెట్టండి. కోహోకు ఇంకాస్త వెనక్కి వదిలినా మంచిదే.

లీడర్ పొడవు దగ్గరే చాలామంది చేపలు పోగొట్టుకుంటారు. హూచీ అంటే కుచ్చుల లంగా లాంటి రబ్బరు స్క్విడ్. దానికి తనంతట కదలిక లేదు. ఫ్లాషర్ తిరిగే విసురు లీడర్ ద్వారా దానికి అందాలి. కాబట్టి లీడర్ పొట్టిగా, మందంగా ఉండాలి. 40 పౌండ్ల మోనోతో కోహోకు 28 నుంచి 32 అంగుళాలు, చినూక్‌కు 36 దాకా కడతాను. స్పూన్ అంటే వంపు తిరిగిన రేకు ఎర, అది తనే ఊగుతుంది. దానికి 38 నుంచి 48 అంగుళాలు వదలాలి, లేకపోతే ఫ్లాషర్ లాగుడుకు దాని ఊపు చెడుతుంది. తలకు ప్లాస్టిక్ టోపీ తొడిగిన హెర్రింగ్ గానీ, ఆంకోవీ అనే చిన్న చేప గానీ వాడితే అయిదారు అడుగులు. ఇంతకు మించితే, ఫ్లాషర్ కడ్డీ కొసకు తగిలి ఆగిపోయాక చేప ఇంకా వలకు అందనంత దూరంలో ఉండిపోతుంది. నేను ప్రతి లీడర్ పొడవూ ఒక టేపు ముక్క మీద రాసి నురుగు చుట్టకు చుట్టి పెడతాను. చేప పడితే అంతే పొడవు మళ్లీ కట్టుకోవచ్చు.

స్పూన్లలో మన వాషింగ్టన్ కంపెనీ సిల్వర్ హోర్డ్‌వి నాకు బాగా నమ్మకం. కోహో కిల్లర్ అనే సన్నటి రేకు, పేరులో కోహో ఉన్నా, చినూక్‌కు నేను మొదట దించేది అదే. పొసెషన్ బార్ ఇసుకలో శాండ్ లాన్స్ అనే సన్నపాటి చేప దూరి దాక్కుంటుంది, చినూక్ దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఆ చేప పొడవూ సన్నమూ ఈ రేకుకు సరిగ్గా సరిపోతాయి. హెర్రింగ్ గుంపులు సోనార్‌లో కనిపిస్తే వెడల్పాటి కింగ్‌ఫిషర్ 3.5 అంగుళాలది వేస్తాను. చిన్న చినూక్‌లు మరీ ఎక్కువగా పడుతుంటే రేకు సైజు పెంచుతాను. ఇక్కడ చినూక్ 22 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవచ్చు. చిన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి లాగి వదిలేయడం వాటికీ మంచిది కాదు, మనకూ సమయం వృథా. చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎర, టోమిక్ ప్లగ్ కూడా ఒకటి పెట్టెలో ఉంది. దానికి ఫ్లాషర్ అక్కర్లేదు, నేరుగా లైనుకు కట్టి దించవచ్చు. పెద్ద చినూక్‌ల కోసం ఓపిక ఉన్నవాళ్లకు అది.

పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లోనే వస్తాయి. 2023లో వచ్చాయి, 2025లో వచ్చాయి. వాటికి ఎర గురించి ఆలోచించే పనే లేదు. తెల్ల ఫ్లాషర్, వెనక చిన్న గులాబీ రంగు హూచీ, వేగం గంటకు 2 మైళ్ల దగ్గర. పిల్లలతో వెళ్లేవాళ్లు బేసి సంవత్సరం ఆగస్టులో మొదలుపెట్టండి.

హెర్రింగ్ అంటే మన కవ్వల్లాంటి చేప. గడ్డకట్టిన ట్రేలలో అమ్ముతారు. కరిగాక మెత్తబడి ఒక గంటకే చెదిరిపోతుంది. ముందురోజు రాత్రి రాళ్ల ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో ఉంచితే కండ గట్టిపడుతుంది, పొలుసు మెరుపు పోదు. మాది నరసాపురం. ఉప్పుతో చేప ఎలా గట్టిపడుతుందో ఇంట్లో చూసి పెరిగాను, ఈ ఒక్క పని ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆగస్టులో చినూక్ రేకులను పట్టించుకోని ఉదయాల్లో ఉప్పు పట్టిన హెర్రింగే పని చేస్తుంది.

రంగు నాలుగోది అన్నాను గానీ దానికీ ఒక లెక్క ఉంది. నీళ్లలో ఎరుపు ముందు మాయమవుతుంది. 100 అడుగుల్లో ఎర్ర ఎర నల్లగా కనిపిస్తుంది. ప్యూజెట్ సౌండ్ నీళ్లు పచ్చగా ఉంటాయి కాబట్టి ఆకుపచ్చ లోతుదాకా కనిపిస్తుంది. అందుకే లోతుకు ఆకుపచ్చ, వెలిగే తెలుపు. వెలిగే ఎరకు దించేముందు టార్చి చూపించాలి. పైన కోహోకు ఎండలో మెరిసే ఏ రంగైనా సరే. ఇంతకు మించి రంగుల పేర్ల వెంట పడకండి.

వేగం చెప్పడం కష్టం, చూపించడం తేలిక. చినూక్‌కు గంటకు రెండున్నర, కోహోకు 3 లేదా ఇంకాస్త. కానీ జీపీఎస్ చూపేది భూమి మీద వేగం. పోటుకు ఎదురుగా వెళ్తుంటే జీపీఎస్‌లో రెండు ఉన్నా ఎర నీళ్లలో మూడుతో పోతున్నట్టే. తీగ వాలు, కడ్డీ కొస కొట్టుకోవడం, ఈ రెండింటినీ నమ్మండి. నేను ఆటుపోట్లతోపాటే నడిపిస్తాను, ఎదురు వెళ్లే ఉదయాలు తక్కువ.

వదిలేసే చేప గురించి గట్టిగా చెప్పాలి. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను 1999లో అంతరించే ముప్పున్న జాతుల చట్టం కింద చేర్చారు. చాలా సీజన్లలో హేచరీలో పెంచి వదిలిన చినూక్‌నే ఉంచుకోనిస్తారు. దాని గుర్తు, తోకకు ముందు వీపు మీద ఉండే చిన్న రెక్క కత్తిరించి ఉంటుంది. ఆ రెక్క ఉన్న చేపను పడవలోకి ఎక్కించకూడదు, నీళ్లలోనే విడిచిపెట్టాలి. ఎదురుముల్లు లేని హుక్కులే వాడాలి, ఇది నిబంధన. ముడులు లేని రబ్బరు వల కొనండి, పొలుసు రాలదు. హుక్కు తప్పించే కొక్కేన్ని ఫ్లాషర్ల కన్నా ముందు కొనండి. ఏ ఏరియా ఏ రోజు తెరిచి ఉందో బయల్దేరే ముందు రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్లో చూడాల్సిందే. ఎవరెట్ ముందు నీళ్లు ఏరియా 8-2, పొసెషన్ బార్ ఏరియా 9, జెఫర్సన్ హెడ్ ఏరియా 10. ఒకటి తెరిచి ఇంకోటి మూసి ఉండటం మామూలే, సీజన్ మధ్యలో మారడమూ మామూలే. చలికాలం చినూక్ సీజన్ కూడా మునుపటితో పోలిస్తే బాగా కుదించారు. ఆ వేట కోసమే ఎలక్ట్రిక్ కొనాలనుకునేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోండి.

ఇక్కడే ఉండే ఓర్కాలకు (కిల్లర్ వేల్స్) చినూకే ప్రధాన ఆహారం. 2025 జనవరి నుంచి ఆ ఓర్కాలకు 1000 గజాల దూరం పాటించాలని రాష్ట్ర చట్టం. రెండు గుండ్లు 140 అడుగుల్లో ఉండగా పడవను తప్పించడం కుదరదు. దూరంలో వీపు రెక్క కనిపించగానే సామాను పైకి తీసేయండి.

పట్టిన చేప ఏం చేస్తారని కూడా అడుగుతారు. కోహో పులుసుకు బాగుంటుంది, పులసకు చేసినట్టే బెండకాయలు వేసి, దించాక ఆవకాయ నూనె కొంచెం. చినూక్‌లో కొవ్వు ఎక్కువ, పులుసులో తేలిపోతుంది, దాన్ని ఉప్పూ కారమూ పట్టించి పెనం మీద వేయించండి.

సెకండ్ హ్యాండ్ డౌన్‌రిగ్గర్లు చలికాలంలో చవగ్గా వస్తాయి. చేత్తో తిప్పేదైతే భయం లేకుండా కొనండి. బ్రేకు దిండ్లు, కప్పీ, మీటరు తిరుగుతున్నాయా చూసుకుంటే చాలు. ఎలక్ట్రిక్ అయితే గుండు తగిలించి బరువుతో లేపించి చూడండి, ఉత్తినే తిరిగితే నమ్మకండి. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ఉప్పునీళ్లలో వాడి మంచినీళ్లతో కడగని యంత్రానికి ముందు పోయేది అక్కడే. బేసు కూడా దానితోపాటే అడిగి తీసుకోండి. ఒక కంపెనీ బేసు మీద ఇంకో కంపెనీ యంత్రం నేరుగా కూర్చోదు, అల్యూమినియం అంచుకు మళ్లీ రంధ్రాలు పెట్టాల్సి వస్తుంది.